నాలుగు శీతాకాలాల తర్వాత నా మొహెయిర్ స్కిన్స్: అంతా బాగుంది, జిగురు తప్ప

స్కిన్స్ అంటే మంచు కొండ ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీల అడుగున అంటించే బొచ్చు పట్టీలు; మొహెయిర్ అంటే ఒకరకం మేక బొచ్చు. కంపెనీ పేరు రాయను. నా గొడవంతా స్కిన్స్ వెనకుండే జిగురుతోనే.

మొదటి శీతాకాలంలో వీటి గురించి దొరికినవాడికల్లా చెప్పాను. అంతకుముందు వాడినవి నైలాన్‌వి. పూర్తి మొహెయిర్‌కి మారాక కాళ్ల బరువు సగం తగ్గినట్టనిపించింది. స్కీ ఎత్తక్కర్లేదు, ముందుకు తోస్తే చాలు. జిగురైతే "ఫెవికాల్ రా బాబూ" అన్నాను. అది అబద్ధమేం కాదు. కాకపోతే ఆ ఏడాది నేను తిరిగింది ఎక్కువగా కాస్కేడ్స్ కొండలకి తూర్పున, బ్లూయెట్ పాస్ వైపు. అక్కడ మంచు పొడిగా ఉంటుంది. సియాటిల్ వైపు మంచు వేరు, తడిమంచు.

పోయిన ఫిబ్రవరిలో ఓ ఆదివారం సియాటిల్ వైపున్న ఆల్పెంటల్ స్కీ ప్రాంతం నుంచి స్నో లేక్ అనే సరస్సుకి బయల్దేరాం, నేనూ, మా ఆఫీసు కుర్రాడూ. పార్కింగ్‌లో సన్నగా మంచు పడుతోంది. కొండ గట్టు ఎక్కేసరికి ఎండ. అవతలికి దిగి సరస్సు చేరేసరికి వానా మంచూ కలిసి కొడుతున్నాయి. ఈ దారిలో తిరకాసేమిటంటే, సరస్సు ఉండేది ఆ కొండ గట్టుకి అవతల. ఇంటికి రావాలంటే దాదాపు 400 అడుగుల ఎత్తు మళ్లీ ఎక్కాలి. అంటే విప్పిన స్కిన్స్ తిరిగి అంటించాలి.

గట్టు మీద, దిగడానికి స్కిన్స్ విప్పుతున్నప్పుడే గాలికి జిగురు మీద మంచు పడింది. జాకెట్ లోపల పెట్టుకోవాలని తెలుసు. తడి బొచ్చు పొట్టకి ఆనించుకోవడం ఇష్టంలేక మడిచి బ్యాగులో పడేశాను. సరస్సు దగ్గర అంటించుకుని ఇరవై అడుగులు వేశానో లేదో, "అన్నా, నీ తోక ఊడింది" అన్నాడు వెనక నుంచి. ఎడమ స్కీ కింది స్కిన్ వెనక కొస. తుడిచాను, మోకాలికేసి రుద్దాను, పది నిమిషాలు జాకెట్‌లో పెట్టుకున్నాను. అంటింది. నాలుగు మలుపులు తిరిగాక మళ్లీ ఊడింది, ఈసారి కుడిదీ దానికి తోడు. ఉన్న రెండు రబ్బరు స్ట్రాప్‌లూ ఎడమ స్కీకి బిగించాను. కుడిదానికి వాడి దగ్గరున్న టేపు. స్ట్రాప్ ఉన్నచోట స్కీ జారదు కాబట్టి నేను మురిసిపోయిన ఆ జారుడు కూడా పోయింది. నీడలోకి రాగానే తడిసిన బొచ్చుకి మంచు ఇడ్లీల్లా గడ్డకట్టింది. అరగంట ఎక్కుడికి గంటన్నర పట్టింది. చెమటా వానా కలిసి లోపలి బనీను దాకా తడిసిపోయాను. ఆ కుర్రాడు పాపం ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

ఇంటికొచ్చి బేకింగ్ పేపర్ వేసి ఇస్త్రీపెట్టెతో వేడి చేస్తే జిగురుకి కొంత ప్రాణం వచ్చింది. బొచ్చుకి మైనం కూడా రుద్దుతున్నాను, ఇడ్లీలు తగ్గాయి. తప్పు నాదీ ఉంది: నాలుగేళ్లుగా కారు డిక్కీలో పడేసి తిప్పాను, జిగురు నిండా కార్పెట్ నూగే. పైగా నేను 88 కిలోలు, వెళ్లేది వారానికి ఒక్కరోజు, అదీ వాన పడేవైపే ఎక్కువ. పొడి మంచులో, ఒక్కసారే ఎక్కి దిగిపోయేవాళ్లకి ఇవి ఇప్పటికీ కొనుక్కోమనే చెబుతాను. మధ్యలో రెండుసార్లు విప్పి అంటించేవాళ్లైతే, కొనేముందు జిగురు ఎలాంటిదో కూడా ఒకసారి చూడండి.

నేను మాత్రం కొత్తవి ఇంకా కొనలేదు. బ్యాగులో స్ట్రాప్‌లు రెండు కాస్తా నాలుగయ్యాయి.