నమీబియా ఫొటో యాత్ర: బస గేటు లోపలా, బయటా?

నమీబియాకి ఏ లెన్సు తీసుకెళ్లాలని అందరూ అడుగుతారు. ముందు తేల్చుకోవాల్సింది రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది. నమీబ్ ఎడారి ఎర్ర దిబ్బల పార్కుకి దారి అయిన సెస్రియెం దగ్గర రెండు గేట్లు. లోపల బస చేసినవాళ్లకి సూర్యోదయానికి గంట ముందే దారి వదులుతారు, బయటి లాడ్జిలవాళ్లకి తెల్లారాకే. అక్కడి నుంచి ఎండిన చెట్లున్న తెల్ల మట్టిపల్లం డెడ్‌వ్లేకి 60 కి.మీ. తారురోడ్డు, 5 కి.మీ. ఇసుక, చివర కిలోమీటరు నడక. ఎండిన తుమ్మజాతి మోళ్లు, తెల్ల మట్టినేల ఇంకా నీడలో ఉండగా వెనక దిబ్బ ఎర్రగా వెలగాలి. ఎండ నేలకి దిగిందంటే ఆ తేడా పోయినట్టే. డబ్బు తక్కువైతే బయట మంచి గదికన్నా లోపల టెంటు వేసుకునే జాగాయే మేలు.

ఇసుకలోకి దిగేముందు టైర్ల గాలి 1.6 బార్‌కి తగ్గించాలి. గాలి తగ్గించనివాళ్లూ, మధ్యలో బ్రేకు వేసినవాళ్లూ కూరుకుపోతారు. అలవాటు లేకపోతే అక్కడి షటిల్ బండి ఎక్కండి. గాలి వీస్తుంటే లెన్సు మార్చొద్దు, సెన్సర్ మీద దుమ్ము పడితే ప్రతి ఆకాశంలోనూ మచ్చలే. రెండు కెమెరా బాడీలుంటే ఈ గొడవే లేదు.

జంతువుల పార్కు ఎటోషాకి ఆగస్టు నుంచి అక్టోబరు మంచి కాలం. మిగతాచోట్ల నీళ్లెండిపోయి జంతువులు నీటిగుంటల దగ్గరికే వస్తాయి. కారు దిగనివ్వరు కాబట్టి ట్రైపాడ్ పనికిరాదు. ఖాళీ గుడ్డ సంచి తీసుకెళ్లి రాజధాని విండ్‌హుక్‌లో బియ్యం కొని నింపి, లెన్సుకి ఆనుగా కిటికీ మీద పెట్టుకోండి, ఇంజను ఆపేయండి. తెల్లటి ఉప్పునేల కెమెరాలో వెలుగు కొలిచే మీటర్‌ని మోసం చేసి ఫొటోని నల్లబరుస్తుంది, ఎక్స్‌పోజర్ +0.7 పెంచాలి. పది దాటితే వేడిగాలి అలలకి దూరపు జంతువు కళ్లు అలుక్కుపోతాయి. దానికి ఏ ఖరీదైన లెన్సూ మందు కాదు.

ఎటోషా లోపలి ఒకౌకుయో క్యాంపులో గదులు సాదాసీదావే. అయినా రెండు రాత్రులు ఇవ్వదగ్గ చోటు, ఫ్లడ్‌లైట్ల కింద నీటిగుంటకి నల్ల ఖడ్గమృగాలు వస్తాయి. ఇక్కడ మాత్రం ట్రైపాడ్ కావాలి: ఐఎస్‌ఓ 6400, 1/30 సెకను, ఖడ్గమృగం మూతి నీళ్లలో పెట్టి కదలకుండా నిలబడ్డప్పుడు నొక్కాలి. గుంట ఎదుటి గదులకి ధర బాగా ఎక్కువ. గోడ దగ్గరి బెంచీ మాత్రం క్యాంపులో దిగిన ఎవరికైనా ఉచితమే, చీకటి పడకముందే వెళ్లి కూర్చోవాలి.