ఏర్పేడు దారిలో ప్లాట్ల వెంచర్: అంకణం లెక్క ముందు తేల్చుకోండి

తిరుపతి ఒకప్పుడు కొండకు వచ్చే భక్తులతోనే పెరిగింది. ఇప్పుడు ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్, రేణిగుంటలో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు వచ్చాక ఊరు తూర్పుకు సాగుతోంది. ఆ ఆశ మీదే ఈ వెంచర్ అమ్ముతున్నారు.

తారు రోడ్డు బాగా వేశారు. కానీ ప్లానులో 40 అడుగులని ఉన్న రోడ్డులోనే కరెంటు స్తంభాలు పాతారు. టేపు పట్టి స్తంభం నుంచి స్తంభానికి కొలవండి, తేడా తెలిసిపోతుంది.

రేటు అంకణానికి చెప్తారు. ఇక్కడ అంకణం 36 చదరపు అడుగులు, నెల్లూరు లెక్కలో 72. అంటే ఇక్కడి 50 అంకణాలు 1,800 చదరపు అడుగులు, సరిగ్గా 200 గజాలు. నెల్లూరు వైపు నుంచి వచ్చేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

అడ్వాన్సు ఇచ్చే ముందు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఇచ్చే లేఅవుట్ అనుమతి ఎల్పీ నంబరు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, భూమి మీద పాత లావాదేవీలు చూపే 30 ఏళ్ల ఈసీ అడగండి. అసలు చిక్కు డీకేటీ పట్టాలతో. పేదలకు సర్కారు ఇచ్చిన ఆ భూమిని పక్క పట్టా భూమితో కలిపి లేఅవుట్ వేస్తుంటారు. సర్వే నంబరు 22-ఏ జాబితాలో, అంటే నిషేధిత భూముల జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ కాదు. అమ్మేవాళ్లు ‘జాబితా నుంచి తర్వాత తీయిస్తాం’ అంటే అడ్వాన్సు ఇవ్వకండి. వానాకాలంలో ఒకసారి వెళ్లి, చెరువు నీళ్లు ఎంతవరకు వస్తున్నాయో కూడా చూడండి.