సర్ది చేసిన రాత్రుల్లో సీప్యాప్: ఆరేళ్ల వాడకం తర్వాత

2019లో హైదరాబాదులో చేయించుకున్న స్లీప్ స్టడీలో, నిద్రలో నాకు గంటకు సగటున 38 సార్లు ఊపిరి ఆగిపోవడమో బాగా తగ్గిపోవడమో జరుగుతున్నదని తేలింది. ఆ సంఖ్య 30 దాటితే తీవ్రమైన స్లీప్ ఆప్నియాగా లెక్కిస్తారు. "నిద్రల మీకు ఊపిరి ఆగుతున్నది, ఒక్కసారి దవాఖానకు పోదాం" అని నా భార్య అంతకు ఏడాది ముందు నుంచే చెబుతున్నా, గురకే కదా అని నేను పట్టించుకోలేదు. ఆ నెలలోనే 45,000 రూపాయలు పెట్టి ఆటో సీప్యాప్ అనే యంత్రం కొన్నాను.

ఇది ఆక్సిజన్ ఇచ్చే యంత్రం కాదు. గది గాలినే ఒత్తిడితో మాస్కు ద్వారా పంపి, నిద్రలో గొంతు మూసుకుపోకుండా తెరిచి ఉంచుతుంది. వారం తిరగకముందే పొద్దుటి తలనొప్పి పోయింది, రాత్రి మూడు నాలుగు సార్లు మూత్రానికి లేవడం తగ్గింది. యంత్రం నమోదు చేసే లెక్కలో ఆ 38 ఇప్పుడు 4 లోపే ఉంటున్నది.

మొదటి చలికాలంలో సర్ది చేసినప్పుడు, ముక్కు మూసుకుపోయి మాస్కు భరించలేక నాలుగు రాత్రులు పక్కన పెట్టాను. అది పెద్ద పొరపాటు. వైరస్ వల్ల ముక్కు లోపలి పొర వాచినప్పుడు గాలి లోపలికి లాగడానికి ఎక్కువ బలం కావాలి, ఆ లాగుడుకు గొంతు మరింత తేలికగా మూసుకుపోతుంది. అంటే మాస్కు తీసేయాలనిపించే రాత్రులే అది ఎక్కువ అవసరమైన రాత్రులు. అప్పటి నుంచి సర్ది రోజుల కోసం ముక్కునూ నోటినీ కలిపి కప్పే మాస్కు వేరుగా ఉంచుకున్నాను. పడుకునే ముందు ఉప్పునీటి చుక్కలు వేసుకుంటాను.

2021 వేసవిలో కోవిడ్ వచ్చింది. కోవిడ్ సోకిన స్లీప్ ఆప్నియా రోగులకు ఆసుపత్రి అవసరం ఎక్కువగా పడిందని పలు అధ్యయనాలు చూపాయి. అయితే ఊబకాయం, షుగర్, బీపీ సాధారణంగా ఈ జబ్బుతో కలిసే ఉంటాయి కనుక, ఇందులో ఆప్నియా ఒక్కదాని వాటా ఎంతో విడదీయడం కష్టం. నాకూ షుగర్ ఉంది, అందుకే భయపడ్డాను. యంత్రం ఆపవద్దని డాక్టరు చెప్పారు. కాకపోతే మాస్కు రంధ్రాల నుంచి వదిలిన ఊపిరి వేగంగా బయటికి వచ్చి వైరస్‌ను గదంతా చల్లగలదు కాబట్టి, మేడమీది గదిలో కిటికీలు తెరిచి ఒంటరిగా పడుకోమన్నారు. మెలకువగా ఉన్నప్పుడు కూడా ఆక్సిజన్ పడిపోతే దీన్ని నమ్ముకొని ఇంట్లో ఉండక వెంటనే దవాఖానకు రావాలని కూడా గట్టిగా చెప్పారు. నాకు ఆ అవసరం రాలేదు. కోలుకున్నాక ఫిల్టరు మార్చి, మాస్కునూ గొట్టాన్నీ గాలికి తేమనిచ్చే నీటి తొట్టినీ సబ్బునీటితో కడిగి ఆరబెట్టాను.

ఇబ్బందులూ ఉన్నాయి. మిర్యాలగూడలో మా ఇల్లు రైసుమిల్లులకు దగ్గర కావడంతో ఫిల్టరు రెండు వారాలకే నల్లబడుతుంది. మా బోరు నీళ్లు పోస్తే తొట్టిలో తెల్లటి పొర కడుతుంది, మరిగించినా ఆ లవణాలు పూర్తిగా పోవు, అందుకే డిస్టిల్డ్ వాటర్ తప్పనిసరి. చలికాలంలో గొట్టంలో నీరు చేరి ముఖం మీద పడుతుంది. తొట్టి వేడి కొంచెం తగ్గించి, గొట్టానికి గుడ్డ చుడితే ఆగింది. కరెంటు పోయే రాత్రులకు ఇన్వర్టరు ఉండాల్సిందే.

యంత్రం అమ్మిన దుకాణం వాళ్లు ఆ రెండో మాస్కు సంగతి నాకు చెప్పనే లేదు. చెప్పి ఉంటే మొదటి చలికాలంలో ఆ నాలుగు రాత్రులు నేనూ, నా ఊపిరి వింటూ కూర్చున్న నా భార్యా నిద్ర లేకుండా గడిపేవాళ్లం కాదు.