గుడ్‌వుడ్ రివైవల్: కెమెరా ఉంటే శుక్రవారం టికెట్టే కొనండి

నెల్లూరు నుంచి చెన్నై వెళ్లే హైవే మీద షోలవరం తగులుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కోసం వేసిన రన్‌వే మీద అక్కడ దశాబ్దాల పాటు కార్ల రేసులు జరిగాయి. ఇరుంగాట్టుకోట్టైలో కొత్త ట్రాక్ వచ్చాక ఆ సందడి పోయింది. ఇంగ్లండు దక్షిణాన, చిచెస్టర్ పక్కనున్న గుడ్‌వుడ్ పుట్టుక కూడా అలాంటిదే. వెస్ట్‌హాంప్‌నెట్ యుద్ధ విమానాశ్రయం చుట్టూ వేసిన రోడ్డే 1948 సెప్టెంబరులో రేస్ ట్రాక్ అయింది. కార్ల వేగం పెరిగిపోయింది, అందుకోసం ట్రాక్ రూపు మార్చడం యజమానికి ఇష్టం లేదు. అలా 1966లో అక్కడా రేసులు ఆగిపోయాయి. తేడా ఆ తర్వాతే. 1998లో, సరిగ్గా 50 ఏళ్లకు, ఆ ట్రాక్‌ను పాత రూపులోనే బాగుచేసి మళ్లీ తెరిచారు. ఏటా సెప్టెంబరులో శుక్ర, శని, ఆదివారాలు మూడు రోజులు అప్పటి కాలం కార్లు, బైకులతో అక్కడ జరిగే రేసులే గుడ్‌వుడ్ రివైవల్.

కెమెరా పట్టుకున్నవాడికి ఇది ఎందుకు వేరంటే, చాలా చోట్ల జనానికీ ట్రాక్‌కీ మధ్య ఎత్తైన ఇనుప జాలీ ఉండదు. మట్టి కట్ట, గడ్డి, దాని అవతల తారు రోడ్డు, అంతే. బోర్డులు, పిట్ గోడలు, చివరికి లోపల తిరిగే వ్యాన్లు కూడా పాతవే. మామూలు టికెట్టుతో నిలబడ్డ చోటి నుంచే 1960 నాటి ఫోటోలా కనిపించే ఫోటో తీయవచ్చు. దాన్ని చెడగొట్టేది ఒక్కటే, ముందు వరుసలో పైకి లేచే ఫోన్లు.

పేర్ల దగ్గర తికమక పడేవాళ్లు చాలామంది. వేసవిలో జరిగే ఫెస్టివల్ ఆఫ్ స్పీడ్ వేరు. అది గుడ్‌వుడ్ యజమాని అయిన డ్యూక్ గారి బంగళా ముందు నుంచి కొండెక్కే 1.16 మైళ్ల దారి, కార్లు ఒక్కొక్కటిగా వెళ్తాయి, కొత్తవీ ఉంటాయి. వసంతంలో జరిగే మెంబర్స్ మీటింగ్ ఈ ట్రాక్ మీదే, కానీ వేషాల సందడి ఉండదు. పాత యంత్రాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పరుగెత్తడం, చుట్టూ అదే కాలపు దుస్తుల్లో జనం, రెండూ కలిసి కావాలంటే రివైవల్‌కే వెళ్లాలి. గేటు దగ్గర కొనుక్కుందాం అనుకోవద్దు, టికెట్లు ముందే కొనాలి.

ఏ రోజు కొనాలి? బంధుమిత్రులతో వేడుకగా చూడాలంటే శని, ఆదివారాలు. ఫోటోలకైతే శుక్రవారం. ఆ రోజు ఎక్కువగా ప్రాక్టీసులు, క్వాలిఫైయింగే కాబట్టి ఫలితాల మీద మోజున్నవాళ్లు తక్కువగా వస్తారు, కట్ట మీద ముందు వరుస దొరుకుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. అరవై డెబ్భై ఏళ్ల నాటి ఇంజిన్లు, గేర్‌బాక్సులు మూడు రోజులూ తట్టుకోవు. ఆదివారానికి కొన్ని కార్లు బానెట్ తెరుచుకుని పాడాక్‌లోనే (రేసు కార్లను ఉంచి సిద్ధం చేసే చోటు) ఉండిపోతాయి, కొన్నిటికి ముక్కు సొట్ట పోతుంది. అన్ని కార్లూ, అన్నీ శుభ్రంగా ట్రాక్ మీదికొచ్చేది మొదటి రోజే. సాయంత్రం పొద్దుపోయే వేళ రేసు ఉందేమో టైమ్‌టేబుల్లో చూసుకోండి. సెప్టెంబరు మధ్యలో అక్కడ ఏడుంబావు ప్రాంతంలో సూర్యాస్తమయం. పసుపు రంగు హెడ్‌లైట్లు వెలిగించుకుని వచ్చే కార్ల ఫోటోకి అంతకంటే మంచి సమయం ఉండదు.

వెలుగు గురించి మనవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. సెప్టెంబరు మధ్యలో హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. గుడ్‌వుడ్‌లో 42 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. కాబట్టి మధ్యాహ్నం పూట కూడా వెలుగు ఏటవాలుగా పడి కారు ఒంపులు కనిపిస్తాయి. ఎటొచ్చీ సూర్యుడు ఎదురుగా ఉన్న కట్ట మీద నిలబడితే రోజంతా నీడ పక్కే మిగులుతుంది. ముందురోజే మ్యాపులో దిక్కులు చూసుకుని, ఏ మలుపుకి ఏ పూట వెళ్లాలో రాసిపెట్టుకోండి.

ట్రాక్ పొడవు 2.4 మైళ్లు, సవ్యదిశలో తిరుగుతుంది. కట్ట వెంబడి ట్రాక్టర్లు ట్రైలర్లలో జనాన్ని చేరవేస్తుంటాయి. నడక తగ్గుతుంది గానీ మధ్యాహ్నం క్యూ ఉంటుంది. స్టార్ట్ అయిన వెంటనే వచ్చేది మాడ్జ్‌విక్, రెండు దఫాలుగా తిరిగే పొడవాటి కుడి మలుపు. మొదటి ల్యాప్‌లో కార్లన్నీ గుంపుగా వస్తాయి కాబట్టి రేసు ఆరంభం ఫోటోకి ఇదే చోటు. ఫోర్డ్‌వాటర్ అతివేగం, అనుభవం లేనివాళ్లకు అక్కడ మెమరీ కార్డు నిండడం తప్ప మిగిలేది తక్కువ. ఆ తర్వాతి సెయింట్ మేరీస్ మీద రోజులో సగం పెట్టినా నష్టం లేదు. కుడి మలుపుల ట్రాక్‌లో ఇది ఎడమ మలుపు, పైగా రోడ్డు పల్లంలోకి దిగుతుంది. సన్నటి టైర్ల కారు బరువు ఇటు నుంచి అటు మారేటప్పుడు తోక జారుతుంది, డ్రైవరు స్టీరింగ్‌ను ఎదురు తిప్పి పట్టుకుంటాడు. ఆ మోచేతుల కోణం కోసమే ఫోటోగ్రాఫర్లు అక్కడ పోగవుతారు. బ్రిటిష్ రేసర్ స్టిర్లింగ్ మాస్ రేసు జీవితాన్ని ముగించిన 1962 ఏప్రిల్ 23 నాటి ప్రమాదం జరిగిందీ అక్కడే. చివరి షికేన్ (వేగం తగ్గించడానికి పెట్టిన మెలిక) దగ్గర కార్లు నెమ్మదిస్తాయి, 70-200 లెన్సు చాలు. మిగతా చోట్ల 100-400 ఉంటే మంచిది. గ్రాండ్‌స్టాండ్ సీటుకు అదనంగా డబ్బు పెట్టొద్దు. పైనుంచి చూస్తే కారు బొమ్మలా ఉంటుంది, ముందువాళ్ల టోపీలు అడ్డం.

ఇక అసలు పొరపాటు షట్టర్ దగ్గర జరుగుతుంది. వేగంగా పోయే కారు కదా అని 1/1000, అంటే సెకనులో వెయ్యో వంతు, పెడతారు. ఫోటో కత్తిలా వస్తుంది, కారు మాత్రం రోడ్డు మీద పార్కు చేసినట్టు ఉంటుంది. ఎందుకో లెక్క వేసి చూడండి. టైరు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. గంటకు 160 కిలోమీటర్లంటే సెకనుకు 44 మీటర్లు, అంటే చక్రం సెకనుకు 22 సార్లు తిరుగుతుంది. 1/1000లో అది 8 డిగ్రీలే కదులుతుంది. 1/125లో 63 డిగ్రీలు, 1/60లో 130 డిగ్రీలకు పైగా. అదే కారు షికేన్‌లో గంటకు 60కి తగ్గితే 1/125లో కూడా 24 డిగ్రీలే. అందుకే మలుపు ఎంత నెమ్మదైతే షట్టర్ కూడా అంత తగ్గాలి. చక్రం రకాన్ని బట్టి కూడా మారుతుంది. వైర్ చక్రానికి పుల్లలు దట్టంగా ఉంటాయి, కొంచెం తిరిగినా కలిసిపోయి పొగలా కనిపిస్తాయి. మినీ కూపర్లకుండే ఎనిమిది ఊచల అల్లాయ్ చక్రం అంత తేలిగ్గా లొంగదు, 1/60కి దిగాల్సిందే.

1/250తో మొదలుపెట్టి, నాలుగైదు మంచి ఫోటోలు చేతికొచ్చాక 1/125, ఆపైన 1/60కి దిగండి. పాదాలు ఫోటో తీయబోయే చోటుకి ఎదురుగా పెట్టి, నడుము మాత్రం కారు వచ్చే వైపు తిప్పాలి. కారుతో పాటు విప్పుకుంటూ వస్తూ నొక్కాలి, నొక్కాక కూడా తిరగడం ఆపకూడదు. అక్కడ ఆగడం వల్లే సగం ఫోటోలు పోతాయి. 1/60లో పదికి ఒకటి రెండు నిలిచినా బాగా తీసినట్టే. కొన్నిసార్లు ముక్కు స్పష్టంగా ఉండి తోక చెదిరిపోతుంది. అది చేతి తప్పు కాదు. కారు దగ్గరగా వచ్చేకొద్దీ దాని ఒక్కో భాగం ఒక్కో వేగంతో కన్ను దాటుతుంది. మలుపు వంపుకి లోపలి వైపు నిలబడే చోటు దొరికితే కారు మీ చుట్టూ ఒకే దూరంలో తిరుగుతుంది, మొత్తం స్పష్టంగా వస్తుంది.

ఎండలో 1/60 పెడితే ఐఎస్ఓ 100లో కూడా ఎఫ్/22 దాకా వెళ్లాలి. అప్పుడు సెన్సర్ మీది ప్రతి దుమ్ము మచ్చా ఆకాశంలో చుక్కలా తేలుతుంది. వెలుగును మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకి సగం) తగ్గించే ఎన్‌డీ 8 ఫిల్టర్ వేస్తే ఎఫ్/8కి వస్తారు. దాని బదులు పోలరైజర్ వాడేవాళ్లున్నారు, అద్దం మీది మెరుపు పోతుంది నిజమే, కానీ పాత కార్ల ప్లాస్టిక్ గాలి అద్దాల్లోనూ గట్టిపరిచిన వెనక అద్దాల్లోనూ ఇంద్రధనుస్సు చారలు బయటపడతాయి. మిర్రర్‌లెస్ కెమెరాలో సైలెంట్ షట్టర్ ఆపేయండి. లేకపోతే చాలా కెమెరాల్లో చక్రాలు కోడిగుడ్డు ఆకారంలో వంగుతాయి. లెన్సులో స్టెబిలైజర్‌ను పానింగ్ (కారుతో పాటు కెమెరా తిప్పుతూ తీయడం) మోడ్‌లో పెట్టాలి. రంగు పూయని అల్యూమినియం బాడీకి ఎక్స్‌పోజర్ ముప్పాతిక స్టాపు తగ్గించండి. మధ్యాహ్నం దూరపు ఫోటోలన్నీ మెత్తగా వస్తుంటే ఫోకస్‌ను అనుమానించకండి. వేడెక్కిన తారు మీద గాలి మరుగుతోంది, దగ్గరి మలుపుకి మారడమే మందు.

పాడాక్‌ను ఉదయమే చూడాలి. పాత గ్రాండ్ ప్రి కార్ల ఇంజిన్లను వేడి చేసేటప్పుడు వేరే స్పార్క్ ప్లగ్గులు పెడతారు. రేసు ప్లగ్గులు చల్లటి ఇంజిన్‌లో తడిసిపోయి మంట పట్టవు. ఇంజిన్ కాగాక మెకానిక్ ఆ మొదటి ప్లగ్గులు ఒక్కొక్కటే విప్పి, వరుసగా చెక్క పెట్టెలో గుచ్చి, రేసు ప్లగ్గులు బిగిస్తాడు. నూనె మరకల వేళ్లు, ఇత్తడి పైపులు, ఆ పెట్టె. ట్రాక్ మీద తీసిన వంద ఫోటోలకి ఇదొక్కటి సమానం. 35 ఎంఎం లెన్సు, 1/125, అడ్డం రాకుండా అడిగి తీస్తే ఎవరూ కాదనరు. పక్కనే ఎయిర్‌ఫీల్డులో స్పిట్‌ఫైర్ లాంటి విమానాలుంటే ప్రొపెల్లర్ ఆగినట్టు తీయకండి, ఎగురుతున్నప్పుడు 1/200, నేల మీద నెమ్మదిగా తిరిగేటప్పుడు 1/60 సరిపోతుంది.

పాడాక్‌లోకి పోవాలంటే 1966కి ముందు నాటి దుస్తులు ఆనవాయితీ. మగవాళ్లకు కోటు, టై, లేదా మెకానిక్ ఓవరాల్. ఆ ఏటి నియమం టికెట్టుతో పాటు చూసుకోండి. అద్దె సూట్లకు డబ్బు తగలేయనక్కర్లేదు. వెంకటగిరి, గద్వాల నేత చీరలు ఆ కాలానికి అచ్చంగా సరిపోతాయి, మీద ఉన్ని కార్డిగన్ వేసుకుంటే చలికీ ఆగుతుంది. బంద్‌గలా కోటు కూడా అంతే. వాన పడితే గడ్డి బురద అవుతుంది, చీర కుచ్చెళ్లు అంగుళం పైకి కట్టుకోండి, బూట్లు పాతవే వేసుకోండి.

బస విషయంలో చిచెస్టర్ ఊళ్లో ఉండాలన్న పట్టుదల వద్దు. ఆ వారాంతంలో రేట్లు మామూలు రోజులకి పొంతన లేకుండా పెరుగుతాయి, కొన్నిచోట్ల మూడు రాత్రులకు తక్కువ ఇవ్వరు. హావంట్, పోర్ట్స్‌మత్ వైపు చైన్ హోటళ్లు ఆరేడు నెలల ముందు బుక్ చేస్తే మేలు. అక్కడి నుంచి చిచెస్టర్‌కు తీరం వెంబడి రైలు అరగంట అటూఇటూ. బ్రైటన్ వైపు ఉంటే ముప్పావు గంట పైన. చిచెస్టర్ స్టేషన్ నుంచి ట్రాక్ మూడు మైళ్లు, రేసు రోజుల్లో బస్సు ఉంటుంది. డేరాలో ఉండటం చౌక, తెల్లవారుజామునే లోపలుంటారు కూడా. కానీ మంచుకి అన్నీ తడుస్తాయి. చల్లటి లెన్సును ఒక్కసారిగా వెచ్చటి చోటికి తీసుకెళ్తే ఆవిరి పడుతుంది, సంచి జిప్పు తీయకుండా అరగంట ఆగాలి. లండన్ వైపు హౌన్స్‌లోలోనో స్లౌలోనో బంధువుల ఇంట్లో దిగి రోజూ వెళ్లొద్దాం అనుకునేవాళ్లకు ఒక్క మాట. ఒక్క రోజుకైతే సరే. రెండు రోజులు ఏ3, ఏ27 రోడ్ల మీద పొద్దున్నే క్యూలో నిలబడితే మంచి వెలుగంతా కారులోనే గడిచిపోతుంది. లండన్ విక్టోరియా నుంచి రైలు గంటన్నర, అదే నయం. ఆదివారం పట్టాల మరమ్మతులుంటాయేమో ముందే చూసుకోవాలి. లోపల తిండి ఖరీదు, శాకాహారం దొరుకుతుంది గానీ క్యూ పెద్దది. పులిహోర పొట్లం కట్టుకెళ్లండి. ఫోన్ నెట్‌వర్క్ జనం మధ్య మొండికేస్తుంది, టైమ్‌టేబుల్ ముందే దించుకోండి.

ఇంకో రోజు మిగిలితే చిచెస్టర్ పక్కనే టాంగ్‌మియర్ యుద్ధ విమానాల మ్యూజియం రెండు గంటల్లో అవుతుంది. బ్యూలీలోని నేషనల్ మోటార్ మ్యూజియానికి పూర్తి రోజు కావాలి. నేల మీద వేగ రికార్డులు పెట్టిన కార్లు, 1929 నాటి గోల్డెన్ ఆరో, 1964లో గంటకు 403 మైళ్లు దాటిన బ్లూబర్డ్ అక్కడివే. హాలు మసక, కార్లు పొడవు, తాళ్లు అడ్డం. కాబట్టి మొత్తం కారు కోసం తంటాలు పడకుండా ముక్కు, తోక రెక్క, రివెట్లు తీసుకోవడం మంచిది. బ్రాకెన్‌హర్స్ట్ స్టేషన్ నుంచి ఇంకా దూరం ఉంది, సొంత కారు లేనివాళ్లకు ఇది ఇబ్బందే.

మ్యూజియం ఒక్కటే ఎంచుకోవాలంటే బ్రూక్‌లాండ్స్‌కే వెళ్లాలి. లండన్ వాటర్లూ నుంచి వేబ్రిడ్జికి అరగంట రైలు, తర్వాత మైలు నడక. కార్ల పందేల కోసమే 1907లో కట్టిన కాంక్రీటు ట్రాక్ ఇది, 1939తో రేసులు ఆగాయి. 24 లీటర్ల విమాన ఇంజిన్‌తో, వెనక చక్రాలకు మాత్రమే బ్రేకులతో, 1935లో గంటకు 143.44 మైళ్ల ల్యాప్ రికార్డు పెట్టిన నేపియర్ రైల్టన్ అక్కడే ఉంది. బయట మిగిలిన మెంబర్స్ బ్యాంకింగ్ దాదాపు 30 అడుగుల ఎత్తు. వైడ్ లెన్సు పెడితే ఆ ఎత్తు చదునైపోతుంది. 70 ఎంఎం తీసుకుని వెనక్కి నడిచి, వాలు మధ్యలో ఒక మనిషిని నిలబెట్టి తీయండి. ఎండ పక్కనుంచి పడేటప్పుడైతే కాంక్రీటు పగుళ్లు, పలకల అతుకులు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా వస్తాయి.