కత్తి దూయడం కన్నా ఒరలో పెట్టడమే కష్టం: క్యోటోలో ఒక ఇయాయిదో శిక్షణశాల

సామురాయి కత్తి విద్య అనగానే ఇద్దరు ఎదురెదురుగా తలపడటాన్ని ఊహించుకునేవారు, క్యోటోలో నేను నాలుగు నెలలు వారానికి రెండు సాయంత్రాలు వెళ్లిన ఈ ఇయాయిదో శిక్షణశాలకు వస్తే మొదటిరోజే నిరాశపడతారు. ఇక్కడ ఎదుట ప్రత్యర్థి ఉండడు. ఉన్నాడనుకుని, కత్తిని ఒరలోంచి దూస్తూనే తొలి వేటు వేసి, మళ్లీ ఒరలో చేర్చేదాకా ప్రతి కదలికనూ 'కతా' అనే నిర్ణీత క్రమంలో సాధన చేయాలి. మొదటి మూడు వారాలూ ప్లాస్టిక్ ఒర తొడిగిన చెక్క కత్తి మాత్రమే ఇస్తారు.

అఖిల జపాన్ కెండో సమాఖ్య 1969లో 7 కతాలతో రూపొందించి, 1980లో 10కి, 2000లో 12కి పెంచిన 'సెయితేయి ఇయాయి' అనే ఉమ్మడి పాఠంతో బోధన మొదలవుతుంది. ముసో జికిదెన్ ఎయిషిన్ ర్యూ అనే పాత సంప్రదాయం ఆ తరువాతే. నేరుగా పాతదే నేర్పవచ్చు కదా అని మొదట విసుక్కున్నాను గానీ, ఇంకో ఊరి శిక్షణశాలకు వెళ్లినా అవే కొలతలతో తప్పులు దిద్దుతారని తెలిశాక ఆ వరుసలోని మేలు అర్థమైంది. మన వజ్రాసనం లాంటి 'సెయిజా'లో కూర్చుని చేసే 'మాయె' అనే మొదటి కతాకే నాకు నెలన్నర పట్టింది.

గురువుగారి పనితనమంతా కత్తిని ఒరలో పెట్టే 'నోతో' దగ్గర కనిపిస్తుంది. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు ఒర మూతిని కప్పి ఉండగా, కత్తి వీపును వాటిపై ఆనించి, మొన దాకా కుడివైపుకు లాగి, చూపు ఎదుటి నుంచి మరల్చకుండా మొనను మూతిలోకి జార్చాలి. నేను తొందరపడ్డ ప్రతిసారీ ఆయన ఏమీ అనకుండా నా ఎడమ మోచేతిని వెనక్కి లాగేవారు. ఒర కూడా వెనక్కి కదలాలని అలా తెలిసింది. పదును లేకపోయినా మొన మొనే కాబట్టి, రెండుసార్లు బొటనవేలి మొదట గుచ్చుకుంది.

ఫిర్యాదులూ ఉన్నాయి. జపాన్‌లో నమోదు పత్రం లేని ఉక్కు కత్తిని ఉంచుకోవడం చట్టవిరుద్ధం కనుక సాధనకు జింక్, అల్యూమినియం మిశ్రలోహంతో చేసిన 'ఇయాయితో' వాడతారు. అరువిచ్చే కత్తులన్నీ 2 షాకు 3 సున్, అంటే సుమారు 70 సెంటీమీటర్ల అలుగువే కావడంతో పొడగరులకు పొట్టిగా ఉంటాయి. ఒకదానికి పిడిలోని వెదురు మేకు వదులై గలగలలాడుతోంది. తిప్పే కత్తికి ఇది చిన్న లోపం కాదు. హకామా అనే వెడల్పాటి మడతల లాగు, నడికట్టు సొంతంగా కొనుక్కోవాలన్న సంగతి చేరే ముందు చెప్పనే లేదు. బోధన జపనీస్‌లోనే సాగుతుంది, అయితే మాటల కన్నా చేతులతో దిద్దడమే ఎక్కువ గనుక అది నాకు పెద్ద అడ్డు కాలేదు.

గంటసేపు దుస్తులు వేసుకుని, చాప చుట్టను నరికి, ఫొటో దిగాలనుకునేవారికి ఈ చోటు తగదు. మోకాళ్ల నొప్పులున్నవారు చేరే ముందే గురువుగారితో మాట్లాడాలి. నేను మాత్రం నా ఎత్తుకు సరిపడే 2 షాకు 4 సున్ 5 బు (సుమారు 74 సెంటీమీటర్ల) కత్తిని కొనుక్కుని కొనసాగుతున్నాను. గత వారం ఆయన నా కొత్త ఒరను తలకిందులు చేసి అరచేతిలో తట్టారు. దూసేటప్పుడు అలుగు లోపలి చెక్కను ఎంత గీరిందో చెబుతూ సన్నని పొట్టు రాలింది. దాన్ని నాకు చూపించి, మళ్లీ 'మాయె' నుంచే మొదలుపెట్టమన్నారు.