మన తీరు తెలిసేదెలా: ఫారమా, కంప్యూటర్ టెస్టా, లంచ్ టేబులా?

"వేరే ప్రాంతం, వేరే మతం వాళ్లతో కలిసి పనిచేయడం నాకు ఇబ్బంది కాదు." హెచ్ఆర్ పంపే ఫారంలో ఇలాంటి వాక్యాలకు ఒకటి నుంచి ఐదు దాకా మార్కులివ్వాలి. దాదాపు అందరూ ఐదే నొక్కుతారు. నొక్కక ఏం చేస్తారు? పేరు బయటపడదంటారు గానీ, లాగిన్ అయితేనే కదా ఫారం తెరుచుకునేది!

మాటకీ చేతకీ పొంతన ఉండదని 1934లోనే అమెరికాలో రిచర్డ్ లాపియర్ అనే సామాజిక శాస్త్రవేత్త చూపించాడు. చైనా దంపతులతో కలిసి దేశమంతా తిరిగితే, 251 హోటళ్లు, రెస్టారెంట్లలో కాదన్నది ఒక్కచోటే. తర్వాత ఉత్తరం రాసి అడిగితే, జవాబిచ్చినవాళ్లలో 90 శాతానికి పైగా చైనావాళ్లను రానిచ్చేది లేదన్నారు. మన ఆఫీసుల్లో వ్యవహారం తిరగబడింది. ఫారంలో అందరం మంచివాళ్లమే.

మనసులో దాగిన పక్షపాతాన్ని పట్టడానికి 1998లో వచ్చిన ఐఏటీ (ఇంప్లిసిట్ అసోసియేషన్ టెస్ట్) అనే కంప్యూటర్ టెస్ట్ నోటిమాట అడగదు. తెర మీద పదాలు, ముఖాలు వస్తుంటే గబగబా కుడివైపో ఎడమవైపో మీట నొక్కాలి. ఏ ముఖాల్ని మంచి పదాలతో, ఏ ముఖాల్ని చెడు పదాలతో జతచేయడానికి ఎంత తడబడ్డామో లెక్కగడుతుంది. చిక్కేమిటంటే, అదే మనిషికి ఇంకోరోజు ఇంకో ఫలితం రావచ్చు. దీన్ని ఉద్యోగాల ఎంపికకు వాడొద్దని తయారుచేసినవాళ్లే చెప్పారు. సరదాకి చూసుకోండి, అంతే.

నా ఓటు మూడోదానికి, అంటే లంచ్ టేబుల్ దగ్గరా మీటింగుల్లోనూ మనం చేసేదాన్ని లెక్క రాసుకోవడానికి. పోయిన నెలలో లంచ్‌కి ఎవరిని పిలిచాం, ఎవరిని పిలవలేదు? హైదరాబాద్ ఆఫీసుల్లో రోజూ జరిగేదే చూడండి. "ఒక్క నిమిషం, తెలుగులో మాట్లాడేసుకుందాం" అని మొదలైంది కాల్ అయ్యేదాకా తెలుగులోనే నడుస్తుంది. ఇంఫాల్ నుంచి వచ్చిన అమ్మాయి మ్యూట్‌లో ఉండి, చివర్లో "ఇంతకీ ఏం తేల్చారు?" అని చాట్‌లో అడుగుతుంది. గుర్‌గావ్ మేనేజర్ హిందీలోకి జారినప్పుడు గింజుకునేది కూడా మనమే.

దీనికీ లోటుంది. మన లెక్క మనమే రాసుకుంటే కాస్త తగ్గించే రాస్తాం. కంపెనీ మొత్తం సంగతి తేలాలంటే ఫారం తప్పదు, కానీ ప్రశ్నలు మార్చాలి. 'మీకు అందరూ సమానమేనా' అని అడిగి లాభం లేదు. 'పోయిన నెలలో మీకు రాని భాషలో మీటింగ్ ఎన్నిసార్లు నడిచింది?' అని అవతలివాళ్లను అడగాలి. ఆ జవాబులు కూడా మేనేజర్ చేతికి కాకుండా బయటి ఏజెన్సీకి వెళ్లాలి.