122 కీల టెర్మినల్ కీబోర్డు: ఆరేళ్ల తర్వాత బయటపడిన మెరుపు

ఐబీఎం మోడల్ ఎఫ్ కీబోర్డు చప్పుడును గురించి, రిచర్డ్ హారిస్ పేరిట 1978లో పేటెంట్ పొందిన ప్రతి కీ కింద ఉండి నొక్కగానే టక్కున వంగే ఆ స్ప్రింగును గురించి పాత కీబోర్డులు సేకరించేవారికి కొత్తగా చెప్పవలసింది లేదు. నా దగ్గరున్నది 1980ల్లో మెయిన్‌ఫ్రేమ్ టెర్మినళ్ల కోసం, అంటే సంస్థల పెద్ద కంప్యూటర్లకు కలిపి వాడే తెరల కోసం, తయారైన 122 కీల రకం. పైన రెండు వరుసల్లో 24 ఫంక్షన్ కీలు, ఎడమవైపు మరో పది కీలు ఉండే ఈ కీబోర్డు చాలా లాప్‌టాప్‌లకంటే బరువైనది. ఆరేళ్లుగా దీనిమీదే టైపు చేస్తున్నాను. అంతకంటే ఎక్కువగా దీన్ని ఫొటోలు తీస్తున్నాను.

నన్ను మొదట ఆకట్టుకున్నవి కీక్యాపులు, అంటే కీలమీది తొడుగులు. అవి పీబీటీ అనే గట్టి ప్లాస్టిక్కుతో చేసినవి. అక్షరాలు పైన అచ్చువేసినవి కావు, వేడితో రంగును ప్లాస్టిక్కులోకి ఇంకించినవి. అందుకే అక్షరం చెరగదు. వీటికి అరుగుదలే ఉండదని కొన్న మొదటి ఏడాది తెలిసినవారందరికీ చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

ఫొటోల్లో మెరుపు మచ్చలు పడకుండా దీపాల ముందు పోలరైజింగ్ ఫిల్ము (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే పొర), లెన్సుకు అదే పనిచేసే పోలరైజర్ పెట్టి, రెండింటినీ ఒకదానికొకటి అడ్డంగా తిప్పి తీసేవాణ్ణి. ఉపరితలం మీద తగిలి నేరుగా తిరిగివచ్చే కాంతి అలా ఆగిపోతుంది, ప్లాస్టిక్కు అసలు రంగు మాత్రమే మిగులుతుంది. ఆ పద్ధతిలో 122 కీలనూ విడివిడిగా తీసి, అంత శుభ్రమైన చిత్రాలు మరెక్కడా లేవని మురిసిపోయాను. నిరుడు ఒక రాత్రి ఎడమ దీపం ముందున్న ఫిల్ము జారిపోయిన సంగతి గమనించకుండా షట్టర్ నొక్కాను. తెరమీద చూస్తే ఎంటర్ కీ మధ్యలో నూనె రాసినట్టు ఒక మెరుపు, ఎఫ్3 కీమీద అలాంటిదే మరొకటి కనిపించాయి. జిడ్డు అనుకుని రెండింటినీ ఊడదీసి, సబ్బు కలిపిన గోరువెచ్చని నీటిలో నానబెట్టి, ఆరబెట్టి మళ్లీ తీశాను. మెరుపు అలాగే ఉంది. గరుకుగా ఉండవలసిన ఉపరితలం ఎవరి వేళ్ల కిందో ఏళ్ల తరబడి నునుపు తేలిందని అప్పుడు అర్థమైంది.

దీపాన్ని బాగా పక్కకు, తక్కువ ఎత్తుకు దించి మొత్తం కీబోర్డును మళ్లీ తీశాను. ఎఫ్13 నుంచి ఎఫ్24 వరకు ఉన్న పై వరుస దాదాపు కొత్తదానిలా ఉంది. కింది వరుసలో ఎఫ్3 ఒక్కటే మెరుస్తోంది. మెయిన్‌ఫ్రేమ్ తెరల్లో ఒక పని ముగించి వెనక్కి రావడానికి ఆ కీనే నొక్కడం వాడుక. నాకంటే ముందు దీని ముందు కూర్చున్న మనిషి పేరు, ఊరు నాకు తెలియవు గాని, ఆ మనిషి రోజుకు ఎన్నిసార్లు తెరనుంచి బయటికి వచ్చి ఉంటాడో ఊహించుకోగలను. (స్పేస్ బార్ కుడి సగమే మెరవడం చూసి కుడి బొటనవేలు వాడేవాడని కూడా తేల్చేశాను, అది బహుశా నా అత్యుత్సాహం.) ఇంత సమాచారాన్ని పోలరైజర్‌తో నేనే చేజేతులా తుడిచివేశాను. ఇప్పుడు ప్రతి కీకి రెండు చిత్రాలు తీస్తున్నాను: రంగు కోసం ఒకటి, అరుగుదల కోసం ఒకటి.

ఫొటోల కోసం కీలు ఊడదీయడం మాత్రం నేననుకున్నంత తేలిక కాదు. తిరిగి బిగించేటప్పుడు కీబోర్డును నిలువుగా నిలబెట్టి స్ప్రింగును సరిగా కూర్చోబెట్టకపోతే కీ మూగబోతుంది. నా తొందరవల్ల మూడు కీలు అలా మూగబోయాయి, సరిచేయడానికి ఒక సాయంత్రం పట్టింది.

నేను తలుపు వేసుకుని ఒంటరిగా పనిచేసుకుంటాను, బల్ల వెడల్పైనది, పాత కీబోర్డును ఇప్పటి కంప్యూటరుకు కలిపే యూఎస్‌బీ కన్వర్టర్‌తో కీలను నచ్చినట్టు మార్చుకునే ఓపిక ఉంది. ఇవేవీ లేనివారికి, ముఖ్యంగా మరొకరితో గది పంచుకునేవారికి, దీన్ని రోజువారీ పనికి సిఫారసు చేయలేను. ఫొటోలు తీయడానికే అయితే, కాస్త అరిగినదాన్నే వెతుక్కోమంటాను. ఎడమ పక్కన ఒక కీని ఎస్కేప్‌గా మార్చుకుని ఆరేళ్లుగా అదే పనిగా నొక్కుతున్నాను. దీపం ఎంత కిందికి దించినా దానిమీద మెరుపు ఇంకా కనిపించడం లేదు.